పదకొండు వందల స్లైడ్లు

చెల్లాయీ,

మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? డాక్టరుగా అడగడం లేదులే. డాక్టరు మాట నువ్వెప్పుడు విన్నావు గనక!

మన పాత డిస్పెన్సరీ పడగొట్టేస్తున్నారంటే నిన్న వెళ్లి చూసి వచ్చాను. వెనక గది ఇంకా నిలబడే ఉంది. మైక్రోస్కోపు బల్ల కాళ్ల గుంటలు కిటికీ కింద గచ్చులో అలాగే ఉన్నాయి. ఆ స్పిరిట్ వాసన, నువ్వు గుమ్మంలోకి రాగానే "మన డాక్టరుగారి కళ్లజోడొచ్చిందండోయ్!" అని అసలు సంగతి తెలియని కాంపౌండరు సరదాగా వేసే కేక, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ముసలివాణ్ని, కాసేపు ఏడ్చాను.

ఆ మొదటి రోజు గుర్తుందా? నూలుమిల్లు కార్మికుడి కఫాన్ని స్లైడు మీద రంగులద్ది చూసి, "నీకేం లేదయ్యా, నిక్షేపంలా ఉన్నావు" అని పంపేశాను. నువ్వు సరదాకి మైక్రోస్కోపుకి కన్ను పెట్టి, "అదేంటన్నయ్యా, ఆకుపచ్చరంగు మధ్యలో ఎర్రపుల్లలు అంత బాగా తెలుస్తుంటే లేవంటావ్?" అన్నావు. అవి క్షయ క్రిములు! చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరిదాకా పరుగెత్తి ఆయన్ని వెనక్కి తెచ్చాను. ఎరుపూ పచ్చా నా కళ్లకు ఒకటేనని ఆ పూటే తెలిసింది. బయటపడితే ఉద్యోగం ఊడుతుందని నీచేత ఒట్టు వేయించుకున్నాను.

ఆ తర్వాత పదకొండు వందల స్లైడ్లు. నువ్వు చూసి చెప్పేదానివి, నేను రాసుకునేవాణ్ని. మిల్లు దగ్గు మీద వ్యాసం నా ఒక్కడి పేరుతోనే అచ్చయింది. అంతకన్నా పెద్ద తప్పు మరొకటుంది. నువ్వు వైద్యకళాశాలలో చేరతానంటే, "ఒక్క ఏడాది ఆగు తల్లీ, ఈ స్లైడ్లు పూర్తి కానీ" అన్నాను. ఆ ఏడాది ఆరేళ్లయింది. తర్వాత నువ్వు అడగలేదు, నేనూ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఆ వ్యాసానికే బంగారు పతకం ఇస్తారట. ఏ మొహం పెట్టుకుని తీసుకోను? నేనింత గౌరవానికి తగను, వద్దని రాసేస్తాను. అసలు కారణం ఎవరికీ తెలియనక్కర్లేదు. నీకు మాత్రం చెప్పాలనిపించింది.

నీ ముందు తల దించుకున్న
అన్నయ్య

*

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది. మూడోసారికి ఒళ్లు మండింది.

ఎప్పుడో క్షమించేశానని రాస్తాననుకున్నావు కదూ? రాయను. వైద్యకళాశాల గేటు కంటబడకుండా నలభై ఏళ్లు చుట్టు తిరిగి వెళ్లాను. "ఎందుకే ఇంత దూరం నడిపిస్తావ్?" అని మా ఆయన విసుక్కుంటే, "నడక మంచిదిలెండి" అనేదాన్ని. ఆ వెనక గదంటే నాకూ ప్రాణమే. పొద్దుటి ఎండలో ఒక్క ఎర్రపుల్ల కంటపడగానే "దొరికింది!" అని నేను అరవడం, నువ్వు కలం వదిలేసి చప్పట్లు కొట్టడం! అంత సంతోషం మళ్లీ ఎరగను. అందుకే ఇంత కోపం.

పతకం వద్దంటావా? భలేవాడివే! వద్దంటే నిరాడంబరుడని నీకు ఇంకో పేరొస్తుంది. నాకేమొస్తుంది? అప్పుడు భయంతో నన్ను దాచావు, ఇప్పుడు సిగ్గుతో దాస్తానంటున్నావు. దాగింది మాత్రం రెండుసార్లూ నేనే.

వెళ్లు, పతకం తీసుకో. నీ కళ్ల సంగతీ నా సంగతీ ఆ వేదిక మీదే చెప్పు. ఊడడానికి నీకిప్పుడు ఉద్యోగమూ లేదు. నేను వేసిన ఒట్టు తీసి గట్టున పెట్టాను.

ముందు వరసలో నాకొక కుర్చీ ఉంచమను. నువ్వు చెబితే వింటాను. నీ నోరు పెగలకపోతే, లేచి నేనే చెబుతాను.

నీ చెల్లెలు