సీసలో ఖేడ్ బావి నీళ్లు

హైదరాబాదు
1938 మార్చి

దేవప్ప మామకు అల్లుడు సంగమేశ్వర్ దండాలు, శరణార్థులు.

మామా, మొదటి సాలు డాక్టరీ పరీక్ష మీదికొచ్చింది. పొద్దంత మనిషి బొక్కల పేర్లు ఉర్దూల బట్టీ కొడుతున్న. పొద్దుగూకంగనే మా ఉస్తాదు నన్ను ఖుర్దుబీన్ ముంగట కూసోబెడుతుండు. చిన్నదాన్ని పెద్దగ చూపే అద్దం అది. మన ఊర్లల్ల కాళ్లకు నారు పురుగు ఎల్తది గద, బాయినీళ్ల నుంచి అది ఎట్లొస్తదో ఆయన తేల్చాలె, నేను సాయం చెయ్యాలె. బట్టీకి టైము చాలదు, దీనికి నిద్ర చాలదు. పరీక్ష తప్పితే సర్కారు ఇచ్చే వజీఫా పైసలు పోతయి, చదువు బందైతది. జర మన దిగుడుబాయి నీళ్లు ఒక సీసల పోసి పంపు.

ఇట్లు
సంగమేశ్వర్

ఇంకొక మాట: పోయిన బతుకమ్మ పండుగ ముంగట "మీ అమ్మ కాలిరిగింది, జల్దీ రా" అని రాసినవ్. ఉరుక్కుంట వస్తే అమ్మ రొట్టెలు కొడుతుంది, నువ్వు అరుగు మీద కూసొని నవ్వుతున్నవ్. పరీక్ష అయ్యేదాంక అసుంటి పరాచికాలు వద్దు.

నారాయణఖేడ్

కాబోయే డాక్టర్‌సాబ్‌కు మామ దేవప్ప దీవెనలు.

మూడో తరగతిల బడి ఇడిచిన మామను నీళ్లడిగినవ్. పట్నంల నీళ్లు ఒడిసినయా అని ఊరంత అడుగుతుండ్రు. కందుల బేపారి బసవరాజ్ అటే వస్తుండు, ఆయన చేత సీస పంపిన. మా అక్క, అదే మీ అమ్మ లింగమ్మ, పరేషాన్ అయింది. "పిలగానికి ఇంటి నీళ్ల మీద పానం గుంజింది, చెప్పలేక చదువు అంటుండు" అన్నది. కొత్త చీరె కొంగు నాలుగు మడతలేసి వడగట్టింది, కాచింది, యాలక్కాయ గుడ ఏసింది. సల్లగ తాగు.

ఉంట మరి
నీ మామ దేవప్ప

రాయ మరిచిన: మాకు మాత్రం వడగట్టుడు లేదు. ముంచుడు, తాగుడు. గంత మర్యాద డాక్టర్లకే.

హైదరాబాదు

మామకు శరణార్థులు.

కొంప ముంచినవ్ మామా! ఉస్తాదు ఖుర్దుబీన్ల చూసి "ఇవి నీళ్లా, షర్బతా?" అన్నడు. ఒక్క పురుగు లేదు. దోస్తులు నన్ను యాలక్కాయ డాక్టర్ అంటుండ్రు. ఈసారి వడగట్టకుంట, కాచకుంట పంపు. అమ్మను మాత్రం దినాం గట్లనే వడగట్టి తాగుమను, మరువకు.

ఇట్లు
యాలక్కాయ డాక్టర్

ఇంకొక మాట: గీ నీళ్లు వడగట్టింది ఎవరని ఉస్తాదు అడిగిండు. మా అమ్మ అన్న. "ఆమెను కాలేజీల చేర్పియ్యి, నువ్వు ఇంటికి పో" అన్నడు.

నారాయణఖేడ్

అల్లునికి మామ దీవెనలు.

ముర్కినీళ్లు పంపిన, సంబురపడు. ఇంకొక సంగతి. నువ్వు పట్నంల దేవులాడుతున్న నారు పురుగు మీ ఇంటికే వచ్చింది. మీ అమ్మ మడమ కాడ మూతి బయటవెట్టింది. పక్కింటి కిష్టవ్వ దాన్ని పుల్లకు చుట్టి దినాం జరంత గుంజుతుంది. నొప్పికి మీ అమ్మకు కన్ను మూత పడుతలేదు. నీకు రాయొద్దు, పరీక్ష ఖరాబయితది అన్నది. నాకు మనసొప్పలే. వచ్చి ఒకపారి చూసిపో.

నీ మామ దేవప్ప

రాయ మరిచిన: డాక్టర్‌సాబ్ ఫీజు జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. ముందుగాలనే కొట్టిపెట్టినం.

హైదరాబాదు

మామకు శరణార్థులు.

ఈసారి భలే అల్లినవ్ మామా! పోయినసారి కాలిరిగింది, ఈసారి గా కాలికే నారు. నేను దేని మీద పనిచేస్తున్ననో తెల్సుకొని మరీ రాసినవ్. దోస్తులకు చదివి వినిపిస్తే పడి పడి నవ్విండ్రు. పరీక్ష ఇంక రెండు వారాలే. నేను రాను గాక రాను.

ఇట్లు
సంగమేశ్వర్

ఇంకొక మాట: నిజంగ నారే అయితే పురుగును సీసల ఏసి పంపుమను అమ్మను. తెగకుంట నిండుగున్నది మా ఉస్తాదుకు ఒక్కటి గుడ దొర్కలే. అది చూసినంక నమ్ముతా.

నారాయణఖేడ్

సంగమేశ్వర్‌కు దేవప్ప రాసేది.

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించిన. కింద రాసింది గుడ చదివిన. నవ్వుతదనుకున్న. నవ్వలే. "పిలగాని చదువుకు కావాలెనంట గదరా" అన్నది.

మొత్తం ఎల్లనీకె ఇంక శాన దినాలు పడుతదని కిష్టవ్వ చెప్పింది. పరీక్ష అంతవరకు ఆగది గద. మేమందరం చేన్ల ఉన్నప్పుడు మీ అమ్మ ఒక్కతే కూసొని, బలం పెట్టి ఒక్కటే గుంజుడు గుంజింది. తెగింది.

లోపల మిగిలిన ముక్క ఇషమెక్కి కాలు తొడ దాంక వాసింది. ఒళ్లు పెనమోలె కాలింది. బీదర్ దవాఖానకు బండి కట్టినం. బండ్లె నా తొడ మీద తలపెట్టి "సీస పగలకుంట పంపు, బసవరాజ్‌కు గట్టిగ చెప్పు" అన్నది. తొవ్వలనే పోయింది. మొన్న మన చేన్లనే సమాధి చేసినం.

పరీక్ష ఇడిచి రా అని రాయనీకె చెయ్యి వస్తలేదు. రాసినంకనే రా అననీకె గుడ వస్తలేదు.

సీస బసవరాజ్ చేత పంపుతున్న. అండ్ల ఉన్నది సగమే. కడమ సగం అడగకు బిడ్డా.

నీ మామ
దేవప్ప

రాయ మరిచిన: ఉత్తి నా మాట అయితే నువ్వు నమ్మవని, కింద పోస్టు మున్షీ సంగప్పతోని సంతకం పెట్టిచ్చిన. పక్కన కిష్టవ్వది, మీ చిన్నమ్మ నీలమ్మది ఏలిముద్రలు.