బల్ల దగ్గర అడగని మాట

ఇర్వింగ్,
ఆదివారం సాయంత్రం

ప్రియమైన అన్నయ్యకు,

నీ చెల్లెలు వినోద ప్రభువు పేరిట వందనాలతో రాస్తున్నది. నువ్వు, వదిన, పిల్లలు క్షేమమని తలుస్తాను. వదిన మోకాలి నొప్పి ఎలా ఉంది? కోర్టు మెట్లు నువ్వు కూడా కాస్త నెమ్మదిగా ఎక్కు. ఈ పరాయి దేశంలోనూ ఎండలు మండిపోతున్నాయి. కాలేజీలో పాఠాలు, ఇంటికొచ్చి పరిశోధన, ఇంత అన్నం, చారు. ఒంట్లో బాగానే ఉన్నాను, కంగారు పడకు.

పరిశోధన ఎవరి మీదని నువ్వడిగితే ఫోన్‌లో సరిగా చెప్పలేదు. రెండొందల ఏళ్ల కిందటి యూరప్ రాయబారి ఒకాయన. చిన్న రాజ్యం తరఫున మంచుదేశంలో, భార్యాబిడ్డలకు దూరంగా ఏళ్లకేళ్లు గడిపాడు. జనం కూర్చుని కాగితం మీద రాసుకున్న రాజ్యాంగం నిలవదంటాడు. అసలైన చట్టం ఎవరూ రాయకుండానే మనుషుల్లో పాతుకుని ఉంటుందట. దాన్ని రాయాల్సి వచ్చిందంటే అప్పటికే బలహీనపడిందట. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మన తాతను బావి దగ్గరికి రానివ్వనిది ఎవరూ రాయని చట్టమే కదా! నాన్నను బడిలో బెంచీ మీద కూర్చోబెట్టింది రాసిన చట్టం. ఆయన్ని చీల్చి చెండాడాలనే ఈ పని పెట్టుకున్నాను.

ఆ ఊపులోనే మా తెలుగు క్రైస్తవ సంఘానికి నియమావళి కూడా రాశాను. రిజిస్ట్రేషన్‌కి కావాలట. "చట్టాల మీద చదివేది నువ్వేగా, రాసిపెట్టమ్మా" అన్నారు. ఉబ్బిపోయాను.

సంఘంలో అందరికంటే పెద్దావిడ దీనమ్మ ఆంటీ. ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారానికి ముందు ప్రభువు బల్ల పక్కన నిలబడి, "ఎవురికన్నా ఎవురి మీదన్నా మనసులో ఉంటే ముందెళ్లి కలుసుకు రండమ్మా" అనేవారు. అలిగినవాళ్లు లేచి చేతులు కలిపేదాకా అక్కణ్ణుంచి కదిలేవారు కాదు. ఆమెను ఎవరూ ఎన్నుకోలేదు. నాకది పద్ధతిగా కనిపించలేదు. తగాదాలకు ముగ్గురితో కమిటీ పెట్టాను. ఫిర్యాదు రాసివ్వాలి, తేలేదాకా ఇద్దరూ ఆ విషయం మాట్లాడుకోకూడదు, రెండు నెలల్లోగా తీర్పు. అందరూ చేతులెత్తి ఒప్పుకున్నారు. ఆంటీ కూడా ఎత్తారు.

మొదటి ఫిర్యాదు నా మీదే వచ్చింది. ఇచ్చింది సుజాత. ఫోటోల్లో చూశావుగా, నాకు హైవే మీద డ్రైవింగ్ నేర్పింది, జ్వరమొస్తే గంజి కాచి తెచ్చింది. ఇక్కడ నాకంటూ ఉన్నది ఆమె ఒక్కతే. ఒక ఆదివారం ఆరాధనలో వాళ్ల పాప స్టెఫీ తడబడుతూ తెలుగులో బైబిల్ వాక్యం చదివింది. నేను అందరి ముందూ, "ఇంటి దగ్గర కాస్త తెలుగు నేర్పించొచ్చుగా సుజాతా" అనేశాను, నవ్వుతూనే. పాప ఏడ్చింది. తప్పు నాదే అన్నయ్యా. వెళ్లి చేయి పట్టుకుందామనుకునేలోపే ఫిర్యాదు కాగితం వచ్చింది. నాకూ పౌరుషం వచ్చింది. పైగా మాట్లాడుకోకూడదని రాసింది నేనే.

తర్వాతి సంస్కారం రోజు దీనమ్మ ఆంటీ బల్ల పక్కకొచ్చి నిలబడ్డారు. అడిగితే లేద్దామనే ఉంది నాకు. ఆమె ఏమీ అనకుండా పాస్టర్‌గారికి రొట్టె పళ్లెం అందించారు. ఆరాధన అయ్యాక పార్కింగ్‌లో పట్టుకున్నాను.

"ఇవాళ అడగలేదేం ఆంటీ?"

"ఇప్పుడు కమిటీ ఉందిగా అమ్మా. నేనడిగితే నీ రూలుకి అడ్డమొచ్చినట్టు గాదూ?" అని కాస్త ఆగి, "సుజాత సగం లేచింది, నువ్వు సూళ్లేదా? నా మొకం వంక జూసి మళ్లీ కూసుంది" అన్నారు.

నేను చూడలేదు. నేను ముందు వరసలో ఉన్నాను.

ఆ వారమే వాళ్లు వేరే రాష్ట్రంలోని బెంటన్‌విల్ వెళ్లిపోయారు, సుజాత భర్తకు అక్కడ కాంట్రాక్ట్ వచ్చింది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

రాయబారి మాట ఒప్పుకున్నానని అనుకోకు. బావి సంగతిలో ఆయన తప్పే, చచ్చేదాకా తప్పనే అంటాను. కానీ దీనమ్మ ఆంటీ అడిగే మాట అలాంటిది కాదు. రెంటికీ తేడా చూడకుండా ఒకే కలంతో కొట్టేశాను. నా అధ్యాయం నెల రోజులుగా కదలడం లేదు. ఊరికే ఏడుపొస్తోంది అన్నయ్యా. అయినా బాగానే ఉన్నాను.

ఎవరైనా వస్తుంటే ఆంటీకి పెద్దక్షరాల పాటల పుస్తకం, నాకు వదిన చేతి గోంగూర పచ్చడి ఒక సీసా పంపు. పెద్దమ్మకు, అక్కడి పాస్టరయ్యగారికి నా వందనాలు చెప్పు. నా కోసం ప్రార్థన చేయించు.

ఇవాళే కమిటీ తీర్పు చేతికిచ్చారు. గడువులోగానే, నేను రాసిపెట్టిన వాక్యాల్లోనే. ఫిర్యాదు కొట్టేశారు. నేను గెలిచానన్నయ్యా. సుజాతకు కూడా ఒక కాపీ పోస్టులో పంపారట. మా ఇద్దరి మధ్య ఆఖరి మాట అదే అయ్యేట్టుంది.

నీ దీవెన కోరుతూ,
చెల్లెలు
వినోద