పెన్న ఒడ్డున నూలు చోటు

చిచ్చా, సలాం.

పెన్న ఒడ్డున రాబోయే కొత్త పేట గురించి మున్సిపాలిటీ వాళ్లు జనం మాట వినే సభలకు నేను మొగుణ్ణి వెతుక్కోవడానికి పోతున్నానని అబ్బాతో అన్నావట. టౌన్ ప్లానింగ్ చదివిన నా చేతికి సభలో టీ పళ్లెం ఇచ్చావు. అమ్మీవాళ్లు రంగేసిన నూలు ఆరబెట్టుకునే చోటును నీ ఫంక్షన్ హాలుకు కార్ల స్టాండుగా వాళ్ల నక్షాలో రాయించి, "మా ఆడోళ్లంతా ఒప్పుకున్నారు సార్, నూలు యాడైనా ఆరేసుకుంటారు" అన్నావు. నేను మాట్లాడకపోతే నాకూ ఇష్టమే అనుకున్నావు.

ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్లతో కూర్చుని కొత్త నక్షా గీశాను. నూలు చోటు నూలుకే ఉంది. కొత్త పేటలో పెట్టే సంతకొచ్చేవాళ్ల మరుగుదొడ్లు ఎక్కడ పెట్టాలని అడిగితే చాంద్‌బీ నానీ, "మీ చిచ్చా హాలు గేటుకెదురుగా పెట్టు బిడ్డా, ఆడ అత్తరు వాసన శానా ఎక్కువైతాంది" అంది.

అక్కడే గీశాను. సోమవారం సభలో వీధి ఆడవాళ్లంతా ఈ నక్షాకే చేతులెత్తుతారు. నేను చెరపను.