బెంగళూరులో నాన్న కేక

నానమ్మా, దండాలు. ఫోన్లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. ఆపరేషన్ అయిన నా భుజం బాగానే ఉంది, దిగులుపడకు.

గోల్ఫ్ బంతిని అందరికంటే దూరం కొట్టే పోటీలో నిన్న నేనే గెలిచాను! మొదట కొట్టినవన్నీ హద్దు గీత బయట పడ్డాయి, లెక్కకు రాలేదు. ఓడితే ఆట మానేసి గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగంలో చేరతానని నాన్నకు మాటిచ్చాను కదా, ఇక ఒక్క బంతే మిగిలింది. అప్పుడు వెనక నుంచి నాన్నే, "ఫికర్ చెయ్యకు బిడ్డా, గట్టిగ కొట్టు!" అని అరిచాడు. ఆఖరి బంతి నేరుగా వెళ్లి అన్నిటికంటే దూరం పడింది. "బ్యాంకు గింకు ఏం వద్దు, నువ్వు ఆడు" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఆబిడ్స్‌లో మన దుకాణం అమ్మ రోజూ తెరుస్తోందా? కాచిగూడ అత్తకు ఈ కార్డు చూపించు. వచ్చే వారం నాంపల్లిలో దిగుతాం, నాకు పచ్చిపులుసు కావాలి.

అరిచి అరిచి నాన్న గొంతు పోయింది. అయినా హోటల్లో కనిపించినవాళ్లందరికీ సైగలతోనే నా ఆట చెబుతున్నాడు.

నీ కాళ్లకు మొక్కుతూ,
ఉజ్వల