నీ తట్ట ఎవరెత్తాలి

ఆండర్సన్‌పేట,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు ఉమేశ్‌కు అక్క గంగ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. నువ్వూ క్షేమమేనని మార్గరెట్ ఆంటీ చెప్పింది గానీ, ఆవిడ మీ హోమ్‌లో వంటమనిషి కదా, తన చేతి వంట తిన్నవాళ్లందరూ క్షేమమేనని ఆవిడ నమ్మకం. కాబట్టి నీ ఒంట్లో ఎట్లా ఉందో నువ్వే రాయి. దగ్గు తగ్గిందా? దుప్పటి తడిగా ఉంటే కప్పుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?

ఈ ఉత్తరం ఆంటీ చేతికిచ్చి పంపుతున్నాను. వార్డెన్‌కు చూపించకు. అక్కడ మీకు ఫోన్ ఇవ్వరు. నేను చూడటానికి వస్తే ఆయన మనిద్దరి మధ్య కుర్చీ వేసుకుని కూచుంటాడు. ఆయన ముందు చెప్పలేని సంగతి ఒకటుంది. దానికి తర్వాత వస్తాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను.

శనివారాల్లో రాయ్ సార్ వచ్చి లైఫ్ స్కిల్స్ క్లాసు తీసుకుంటున్నాడని, పద్దెనిమిది నిండి బయటికి పోయే పిల్లలకు ఇంటర్వ్యూ ఎట్లా ఇవ్వాలో నేర్పిస్తున్నాడని రాశావు. ‘ఐదేళ్ల తర్వాత నువ్వు ఏమై ఉంటావు అని నిజంగానే అడుగుతారా అక్కా’ అన్నావు. మా ఆడపిల్లల హోమ్‌కూ ఆ సారే వచ్చేవాడు. ఆ ప్రశ్నకు అద్దం ముందు నిలబడి ఎన్నిసార్లు జవాబు చెప్పుకున్నానో నాకే తెలియదు. నేను పనికి చేరిన నర్సాపురం కంపెనీలో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. ‘ఊరు యాడమ్మా? నాయనేం చేస్తాడు? ఇంట్లో ఎవురెవురు ఉండారు?’ అని అడిగారు. దానికి జవాబు ఏ క్లాసులోనూ నేర్పలేదు. సార్ చెప్పినట్టు నవ్వుతూ, కళ్లలోకి చూస్తూ షేక్‌హ్యాండ్‌కు చెయ్యి చాపితే, ఆ మనిషి నా చేతిలో ఆధార్ కార్డు ఉందేమోనని వెతికాడు. ఏదో దయతలచి ఉద్యోగమైతే ఇచ్చారు.

రాయ్ సార్ చెడ్డవాడని కాదు. పాపం, బెంగళూరు నుంచి రైలెక్కి వస్తాడు, చార్టు అతికిస్తాడు, మనందరితో ఫొటో దిగి సాయంత్రానికి పోతాడు. బావి బొమ్మ గీసి ఈత నేర్పితే ఎట్లా ఉంటుందో ఆ క్లాసు అట్లా ఉంటుంది. 

వంట వచ్చా అన్నావు. వచ్చు, అరవై మందికి. ఆదివారాలు హోమ్ వంటింట్లో గుండిగల కొద్దీ వండినదాన్ని, ఒక్కదానికి ఎన్ని బియ్యం పొయ్యాలో ఎవరు చూపించారు? మొదటి రోజు గిన్నె నిండా వండేసి ఏడుపు ముఖంతో కూచుంటే, మార్గరెట్ ఆంటీ వచ్చి చూసి, ‘ఏమే, పెండ్లి పెట్టుకున్నావా? వీధిలో అందరినీ పిలుచుకోని రా పో’ అంది. రెండు రోజులు చద్దన్నమే తిన్నాను. 

ఆంటీ ఇంటి వెనక గది దొరకడం కూడా నా అదృష్టమే. అంతకుముందు మూడిళ్లలో తిరిగాను. ‘మీవాళ్లను పిలుచుకోని రా, మాట్లాడుకుందాం’ అన్నారు. మావాళ్లు లేరంటే తలుపు మూసేశారు. ఆంటీ మాత్రం, ‘బాడిగకు ఉండేకి మనిషి చాలు పాపా, వంశమంతా యాలా?’ అంది. బంగారు గని నడిచిన రోజుల్లో వాళ్ల నాయనకిచ్చిన లైన్ ఇల్లు అది, వరసగా కట్టిన కూలీల ఇళ్లలో ఒకటి. గోడ తాకితే సున్నం రాలుతుంది. ఆ గదిలో చేరిన మర్నాడే ఆంటీ చేత తిట్లు తిన్నాను, ‘తలుపు బార్లా తెరిచిపెట్టి పండుకుంటావా, ఎవురన్నా దూరితే?’ అని. నిజం చెప్పనా ఉమేశూ, గడియ వేయాలని నాకు తోచలేదు. హోమ్‌లో గడియ బయట ఉండేది, వార్డెనమ్మ వేసేది. లోపలి నుంచి గడియ వేసుకోవడం అనే పని నా చేతులకు తెలియదు. కంపెనీలో బాత్రూమ్‌కు పోవాలంటే చెయ్యెత్తి నిలబడేదాన్ని. నా పక్కన పనిచేసే ఆడవాళ్లు నన్ను చూసి పడీపడీ నవ్వారు. నవ్వనీ అనుకున్నాను గానీ, ఇంటికొచ్చి ఏడ్చాను.

ఇంక నీ మూడో ప్రశ్న. ‘నంగలికి పోయేటప్పుడు ఏ చొక్కా వేసుకోవాలి? అమ్మకు ఏ రంగు ఇష్టం?’ అని అడిగావు. ఆ వాక్యం చదివి నేను ఉత్తరం మడిచేశాను. మళ్లీ తెరవడానికి రెండు రోజులు పట్టింది.

అమ్మ మీ హోమ్‌కు ఫోన్ చేసిందనీ, పద్దెనిమిది నిండగానే నిన్ను నంగలికి పంపమని అడిగిందనీ, అందుకని రాయ్ సార్ చూపించిన ఐటీఐ సీటు వద్దని వచ్చే శనివారం ఆయనకు చెప్పేస్తాననీ రాశావు. ఎలక్ట్రీషియన్ కోర్సు, హాస్టల్, రెండేళ్లు అన్నం గ్యారంటీ. నువ్వు వద్దంటే ఆ సీటు ఇంకొకడికి పోతుంది, మళ్లీ రమ్మన్నా రాదు. ‘నాకు అమ్మ ఉండగా హాస్టల్ ఎందుకక్కా’ అని రాసి కింద రెండు గీతలు కూడా గీశావు. నీకెంత సంతోషంగా ఉందో ఆ గీతలు చూస్తేనే తెలిసింది. దాన్ని నా చేత్తో పాడుచేస్తున్నాను, తిట్టుకుంటే తిట్టుకో.

నేను బయటికొచ్చిన రోజు నేరుగా ఆండర్సన్‌పేటకు రాలేదు. నంగలికి పోయాను. నీకు చెప్పలేదు, అమ్మ బస్టాండులో కనిపించిందని మాత్రం అన్నాను.

నాయన పోయాక మన ఊరు గౌనిపల్లి నుంచి తెచ్చి మనల్ని హోమ్ గేటు దగ్గర దించి, ‘ఉగాదికి వచ్చి పిలుచుకోని పోతా’ అన్న మనిషి ఎట్లా ఉందో చూడాలని ఉండింది నాకు. మళ్లీ పెళ్లి చేసుకుందని, ఆయన పేరు సీనప్ప అని, మామిడితోట, ఆవులు ఉన్నాయని మాత్రం తెలుసు. ట్రంకుపెట్టె పట్టుకుని ఇల్లు అడిగి అడిగి పోయాను. వసారాలో ఒక ముసలామె చేటలో రాగులు చెరుగుతోంది. ఆమె చిన్నవెంకటమ్మ, అమ్మకు అత్త.

‘ఎవురు పాపా నువ్వు? యాడనించి?’ అంది.

నేను నోరు తెరిచేలోగా అమ్మ లోపలి నుంచి వచ్చింది. నన్ను గుర్తుపట్టింది, ఉమేశూ. ఆ సంగతిలో నాకు అనుమానం లేదు. ముఖంలో నెత్తురుచుక్క లేదు ఆమెకు. అయినా అత్త వైపు తిరిగి, ‘మా ఊరి పిల్ల అత్తా. తల్లీతండ్రీ లేరు, హాస్టల్లో పెరిగింది. కోతకాలం గదా, పనికి రమ్మంటి’ అంది.

 ఆమె కూతురినని అక్కడే ఎందుకు చెప్పలేదని నువ్వు అడుగుతావు. పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు మధ్యలో నోరెత్తకూడదు. పదేళ్లు మనకు నేర్పిన మొదటి స్కిల్ అదే కదా. పెట్టె కింద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

తర్వాత పశువుల కొట్టం వెనక నా చెయ్యి పట్టుకుంది. ‘నాకు పిల్లోళ్లు ఉండారని ఈళ్లకి తెలీదు పాపా. తెలిస్తే నన్నూ బయటికి నూకుతారు. నిదానంగా నేనే చెప్తా. కొన్నాళ్లు ఉండు’ అంది. ఆ చెయ్యి పదేళ్ల తర్వాత తగిలింది. నమ్మకుండా ఎట్లా ఉంటాను?

మామిడికాయ కోత అయ్యేదాకా ఉన్నాను. ఆ ఇంట్లో నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అంతకన్నా పెద్ద కష్టం ఏమిటంటే, నేను కూతురినని చెప్పుకునే గుర్తు ఒక్కటీ నా దగ్గర లేదు. బెల్లు లేకపోయినా ఐదింటికి లేచి కసువు ఊడ్చేదాన్ని. అందరూ తిన్నాక తినేదాన్ని. మంచినీళ్లు తాగాలన్నా ‘తాగేదా?’ అని అడిగేదాన్ని. ఇంకొంచెం పెట్టేదా అంటే ‘చాలు’ అనేదాన్ని. తిన్నాక నా అన్నం తట్ట నేనే కడిగి కొట్టం గోడ మీద బోర్లించేదాన్ని. ఎవరూ కడగమని చెప్పలేదు. హోమ్‌లో అరవై మందిమి వరసలో నిలబడి ఎవరి తట్ట వాళ్లు కడిగినవాళ్లమే కదా. అది మంచి అలవాటనుకున్నాను. ఆ ఇంట్లో కూలీలు కూడా అట్లాగే కడిగి అదే గోడ మీద బోర్లించేవాళ్లు. నేను ‘అమ్మా’ అని పిలిచినా ఎవరూ తలెత్తి చూడలేదు. పనికి వచ్చేవాళ్లందరూ ఆమెను అట్లాగే పిలుస్తారు.

వాళ్లకొక చిన్నవాడు, పురుషోత్తమ్. మన తమ్ముడే అనుకో. వాడు సగం తిని తట్ట అక్కడే వదిలి ఆటకు పరుగెత్తేవాడు. అమ్మ వెనక నుంచి అరిచేది, ‘ఒరే నీ దుంప తెగా! నీ తట్ట ఎవుడెత్తల్లరా, మీ తాత వస్తాడా?’ అని. అరుస్తూనే ఎత్తేది. ఎంగిలి మెతుకులు చేత్తో ఊడ్చి, తట్ట ఎత్తి, ఇంకా గొణుగుతూ పోయేది. నేను గుంజ పక్కన నిలబడి చూసేదాన్ని. ఆ తిట్టు నాకు కావాలనిపించేది. అంతగా దేన్నీ నేను ఎప్పుడూ కోరుకోలేదు. ఒక రోజు తెగించి తట్ట వదిలేసి లేచాను. రెండడుగులు వేశానో లేదో, నా కాళ్లే వెనక్కి వచ్చాయి. కడిగి బోర్లించాను. అమ్మ చూసింది, పురుషోత్తమ్ తట్ట ఎత్తుకుని లోపలికి పోయింది.

చిన్నవెంకటమ్మకు నేనంటే ఎంత ఇష్టమో. ‘హాస్టల్ పిల్లంటే ఇట్లుండల్ల. చెప్పకనే చేస్తాది, ఎదురు మాట్లాడదు. ఇట్లా పిల్లోడెవుడన్నా ఉంటే చూడు ప్రేమా. ఆవుల కాడుండే ఎల్లప్పకు వయసైపోయింది, ఇంకో మనిషి కావల్ల’ అంది అమ్మతో, నా ముందే. అమ్మ తల వంచుకుని, ‘చూస్తాలే అత్తా’ అంది.

చూసింది, ఉమేశూ. నిన్నే చూసింది.

నేను వచ్చేసే రోజు చిన్నవెంకటమ్మ ఒక బుట్ట మామిడికాయలు, అమ్మ పాత చీర ఒకటి ఇచ్చింది. అమ్మ బస్సు దాకా వచ్చింది. ‘అమ్మ నిన్ను అడిగింది’ అని నీకు చెప్పాను చూడు, అది అబద్ధం కాదు. బస్సు కదిలేముందు అడిగింది, ‘అబ్బోడు ఎట్లుండాడు? బాగా పెరిగినాడా? బలంగా ఉండాడా?’ అని. అది ప్రేమ అనుకుని నేను దారి పొడుగునా ఏడ్చాను. ఇప్పుడు నీ ఉత్తరం చదివాక అదే మాట సంతలో ఎద్దు గురించి అడిగినట్టు వినిపిస్తోంది.

మార్గరెట్ ఆంటీకి ఇదంతా నిన్న చెప్పాను. ‘ఆమెను కూడా అనేకి లేదు గంగా. ఆ ఇంట్లో ఆమెకే కాలు మోపేకి చోటు లేదు’ అంది. ఉండవచ్చు. నాకూ జాలిగానే ఉంది, ఆమె మొగుడి ముందు వంగి వంగి నడవడం నేను చూశాను. అయితే ఆ జాలికి నిన్ను ఆవుల కొట్టంలో కట్టేయాలా? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని సామెత ఊరికే పుట్టలేదు. సీటూ పోయి, అమ్మా దక్కక, నువ్వు ఆ గోడ మీద తట్ట బోర్లిస్తూ బతకడం నేను చూడలేను. ఎంత చాకిరీ చేస్తే అంత మెచ్చుకుంటారు నిన్ను. ఆ మెప్పుకు పడిపోతావు నువ్వు, నాకు తెలుసు. మనల్ని ఒక్క మంచిమాట అంటే ప్రాణం ఇచ్చేసేట్టు పెంచారు.

శనివారం రాయ్ సార్‌కు సీటు కావాలని చెప్పు. ఇది అక్కగా నా మాట. వినకపోతే నిన్ను కట్టేసే శక్తి నాకు లేదు. వచ్చే నెలకు నీకు పద్దెనిమిది నిండుతాయి, గేటు తీస్తారు, నీ ఇష్టం.

నంగలికే పోతానంటే పో. కానీ ఏ క్లాసులోనూ చెప్పని పాఠం ఒకటి చెబుతాను, విను. వెనక వాకిలి నుంచి పోవద్దు, వసారాలోంచి పో. అన్నం పెడితే అందరితో కూచుని తిను, తిన్నాక నీ తట్ట కడగొద్దు. అక్కడే వదిలేసి లేచిపో. కాళ్లు వెనక్కి లాగుతాయి, బిగబట్టుకో. అమ్మ తిట్టుకుంటూ ఆ తట్ట ఎత్తితే నువ్వు కొడుకువి, ఉండు, నేను ఇంకో మాట అనను. ఎవరూ ఎత్తకుండా అది అక్కడే ఎండిపోతూ ఉంటే, సాయంత్రం బస్సు ఉంది, ఎక్కేయ్.

నీ దిగులు నాకు తెలుసు. రెండు చోట్లా కాకపోతే యాడికి పోయేది అంటావు. హాస్టల్ సెలవులకు గానీ, నంగలి నుంచి గానీ, ఎప్పుడొచ్చినా ఈ గదికే రా. గడియ ఎట్లా వేయాలో చూపిస్తాను. ఇద్దరికి ఎన్ని బియ్యమో నేర్చుకున్నాను. నా అన్నం తిన్నాక తట్ట వదిలేసి ఆటకు పో. గాడిద లాగా పెరిగావు, నీ తట్ట ఎవరెత్తాలిరా అని వీధంతా వినపడేట్టు అరుస్తాను, ఆంటీ సాక్షి. అరుస్తూనే ఎత్తుతాను.

నువ్వు మాత్రం వెనక్కి వచ్చి కడగొద్దు.

ఇట్లు,
నిన్ను తిట్టడానికి కాచుకుని ఉన్న
నీ అక్క
గంగ