మీ బావ పెన్షన్ పని అయింది

నందిగామ

తమ్ముడు దానియేలుకు అక్క దీవెనలు. ఫోన్లో నీకు సరిగ్గా వినపడదని కార్డు రాస్తున్నా.

మీ బావ పోయినప్పటినుంచి తిరుగుతున్న పెన్షన్ పని ఒడ్డెక్కింది, దిగులు పడకు. పెళ్ళయ్యాక ఆయన మిలిటరీ రికార్డులో నా పేరు ఎక్కించనేలేదట. నువ్వు భార్యవని సాక్ష్యం ఎవరు చెబుతారని ఆఫీసులో అడిగారు. శ్రీలంక యుద్ధంలో ఆయనతో ఉన్న మైలవరం వరప్రసాదరావు గారిని తీసుకెళ్ళా.

"వీళ్ళ పెళ్ళిలో వడ్డన చేసింది నేనేనండీ. జాఫ్నాలో తూటా తగిలితే భుజాన మోసుకొచ్చిందీ నేనే. దారి పొడుగునా పుల్లమ్మా, పుల్లమ్మా అంటానే ఉన్నాడు. ఆ పుల్లమ్మ ఈవిడేనండీ" అన్నారాయన.

ఆఫీసరు అర్జీ మీద సంతకం పెట్టాడు. ఇన్నేళ్ళ కాపురంలో మీ బావ ఆ సంగతి ఒక్కనాడూ నాతో అనలేదు చూడు!

నాకోసం గేదెను అమ్మొద్దు. మరదలి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మిరప కోతలకు జగ్గయ్యపేట వస్తా. మీ అటక మీద నేను దాచిన మీ బావ యూనిఫాం ఫొటో ఉంది, దించి తుడిచి ఉంచు. గోడకు పెడతానంటే బతికినన్నాళ్ళూ వద్దన్నాడు. ఇక ఆయన మాట వినను.

ప్రభువు మిమ్మల్నందర్నీ చల్లగా చూడాలి.

మీ అక్క,
పుల్లమ్మ