ఎర్ర నీళ్ళ దారి

మురుగు సీసాల ఆఫీసు అయ్యగారికి,

నమస్కారాలు. మీ జీపు మీద ప్రజారోగ్య ప్రయోగశాల అని రాసి ఉంది కాబట్టి ఈ ఉత్తరం మీకే చేరాలి. ఫోన్ చేస్తే ఒకటి నొక్కమంటుంది, రెండు నొక్కమంటుంది, ఆఖరికి పాట పెడుతుంది. కాగితం మీద రాస్తే జవాబివ్వక తప్పదని మావారు అన్నారు.

నాది మూలమీది కుట్టు దుకాణం. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో మ్యాన్‌హోల్. మూడు వారాలుగా ప్రతి మంగళవారం మీ మనుషులిద్దరు మూతీ ముక్కూ కట్టుకుని వచ్చి, దాని మూత తీసి, సీసాతో మురుగునీళ్ళు తోడి, ఐసుపెట్టెలో పడుకోబెట్టి తీసుకెళ్తున్నారు. ఆ కంపుకి కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు పైకెత్తిన చేతులు ఎత్తినట్టే పారిపోతున్నారు. అందులో ఉంగరమేమైనా పడిపోయిందా? చెబితే వీధంతా కలిసి వెతికిపెడతాం. మీ ఆవిడదైతే ఆవిడ బాధ నాకు తెలుసు.

ఇట్లు,
మూలమీది టైలరమ్మ

తా.క. ఆ నీళ్ళకి ఐసు దండగ. అవి ఇంకా చెడిపోవడానికేం మిగిలిందని?

---

టైలరు గారికి,

నమస్తే. ఉంగరం పోలేదు. జనం జబ్బు పడేలోపే ఊళ్ళో ఏ క్రిములు తిరుగుతున్నాయో మురుగునీళ్ళను బట్టి కనిపెట్టడం మా పని. మీ మూల నుంచి తెచ్చిన సీసాల్లో రెండు వారాలుగా టైఫాయిడ్ క్రిమి కనిపిస్తోంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. దయచేసి మీ వీధివారంతా సహకరించాలి.

భవదీయ,
శాస్త్రవేత్త, ప్రజారోగ్య ప్రయోగశాల

తా.క. నీళ్ళు కాచి చల్లార్చి తాగండి. ఈ ఒక్క మాట వీధిలో అందరికీ చెప్పండి.

---

అయ్యగారికి,

సహకరించాం! మీ ఉత్తరం వీధిలో గట్టిగా చదివి వినిపించాను. మా మురుగుకి అంత మాట పడితే ఊరుకుంటామా? ఆదివారం అందరం కలిసి పదకొండు బక్కెట్ల బ్లీచింగ్ పౌడర్ నీళ్ళు, ఆపైన ఫినాయిల్ పోశాం. మంగలి షాపాయన లోపలికి తొంగిచూసి తన మొహం కనబడిందన్నాడు. ఇప్పుడు తీసుకెళ్ళండి నీళ్ళు, ఎంత కావాలంటే అంత!

ఇట్లు,
టైలరమ్మ

తా.క. బొద్దింకలన్నీ వీధి వదిలి వెళ్ళిపోయాయి. మీ ఆఫీసు వైపే వెళ్ళాయట, చూసుకోండి.

---

టైలరు గారూ,

అమ్మా, దండం పెడతాను, ఇంకెప్పుడూ అలా చెయ్యకండి. ఈ మంగళవారం సీసాలో ప్రాణమున్నది ఒక్కటీ లేదు. వారం పని బూడిదలో పోసిన పన్నీరయింది.

క్రిమి పుట్టేది మురుగులో కాదు, మనిషి కడుపులో. ఎప్పుడో టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్ళలో కొందరికి అది లోపలే ఉండిపోతుంది. వాళ్ళు నిక్షేపంగా ఉంటారు, క్రిమి మాత్రం రోజూ బయటికొస్తుంటుంది. ఆ మనిషెవరో తేలాలి. మీ మూలకి కలిసే ఇళ్ళు నలభైమూడు. మనిషికో సీసా చొప్పున పంపుతున్నాను. ప్రతి ఇంట్లో ప్రతి ఒక్కరి నమూనా కావాలి.

భవదీయ,
శాస్త్రవేత్త

తా.క. నేను అయ్యగారిని కాదు, ఆడదాన్ని. నాకు ఉన్నది ఆవిడ కాదు, ఆయన.

---

అమ్మాయికి,

ఆడపిల్లవని ముందే చెబితే ఆ ఉంగరం మాట మరోలా రాసేదాన్ని కదా!

నమూనా అంటే మా దుకాణంలో కొలతకిచ్చే ఆది బట్ట. అందుకని నా సీసాలో గుడ్డముక్క పెట్టాను. మంగలి వెంట్రుకలు పెట్టాడు. టీ కొట్టాయన చక్కెర ఎక్కువేసి మరీ టీ పోశాడు. మీ మనిషి ఒక్కో మూతా తీసి వాసన చూసి, మళ్ళీ బిగించాడు. తర్వాత నా చెవిలో అసలు సంగతి చెప్పాడు. ఇంటింటికీ తిరిగి ఆ మాట ఎలా చెప్పేది? వీధి మధ్యలో నిలబడి అరిచేశాను: "సిగ్గుపడేవాళ్ళు పడండి, సీసా మాత్రం రేపు పొద్దున్నకి నిండాలి!"

నేనంత గట్టిగా ఎందుకు అరిచానో నీకు చెప్పాలి. మా మనవరాలికి ఆరేళ్ళు. నాలుగు రోజులుగా ఆసుపత్రిలో ఉంది. టైఫాయిడే. కాచిన నీళ్ళే తాగిస్తున్నాం, కానీ అది పళ్ళు తోముకున్న నీళ్ళు మాత్రం పంపువే. పక్కింటి పిల్లాడికీ నిన్నటి నుంచి జ్వరం. ఇక ఈ మనిషి ఎవరో తేలేదాకా నేను సూదిలో దారం ఎక్కించను.

మీ పెద్దమ్మలాంటి
టైలరమ్మ

తా.క. మావారు సీసా ఇవ్వడానికి రెండు రోజులు మొండికేశారు. భోజనం ఆపేస్తానన్నాను. అలా ఆపితే సీసా ఎలా నిండుతుందని ఆయన వాదన.

---

పెద్దమ్మా,

పాప ఎలా ఉంది? వార్డు డాక్టరుతో మాట్లాడాను. మందు సరైనదే ఇస్తున్నారు, ధైర్యంగా ఉండండి.

నలభైమూడు ఇళ్ళ సీసాలూ చూశాం. ఎందులోనూ లేదు. కానీ మంగళవారం మురుగులో క్రిమి మళ్ళీ కనిపించింది. మునిసిపాలిటీ పటం ప్రకారం మీ వీధి తప్ప ఇంకేదీ ఆ మూలకి కలవదు. ఫైలు మూసెయ్యమని మా పెద్దాయన అన్నారు. "మూయను సార్" అన్నాను. పదేళ్ళ ఉద్యోగంలో ఆయనకి ఎదురుచెప్పడం ఇదే మొదటిసారి. ఎక్కడ తప్పు జరిగిందో తెలియడం లేదు, కానీ వదలను.

మీ
అమ్మాయి

తా.క. మీరు మొదట ఇచ్చిన సీసాలో గుడ్డముక్క రంగు చాలా బావుంది. పారెయ్యబుద్ధి కాక బల్లమీద పెట్టుకున్నాను. ఆ సీసా పరీక్షకి రానిదేలెండి.

---

అమ్మాయ్,

ఆ రంగు మావారు వేసిందే. ఆయన బట్టలకి రంగులద్దే మనిషి. నీ ఉత్తరం చదివి, "పటం నమ్మేదేమిటి, రంగు పోసి చూస్తే సరి" అన్నారు. ఎర్రరంగు డబ్బా భుజాన వేసుకుని ఇద్దరం బయలుదేరాం.

మా వీధి వెనక గోడ అవతల మెట్టమీద కొత్తగా కట్టిన ఐదిళ్ళున్నాయి చూడు, వాటి మురుగు మెట్ట అవతలికి పోతుందని పటంలో ఉందట. ఐదిళ్ళ తలుపులూ కొట్టి, బతిమాలి, వాళ్ళ మరుగుదొడ్లలో రంగు పోశాం. పావుగంటలో మా మూల మ్యాన్‌హోల్ ఎర్రబడింది! మావారు నడివీధిలో ఎగిరి గంతేశారు.

మర్నాడు పొద్దున మంగలి ఇంట్లో పంపు తిప్పితే లేత గులాబీ రంగు నీళ్ళు వచ్చాయి. వెంటనే పంపు కట్టేయించాను. మురుగు గొట్టం మంచినీళ్ళ గొట్టంలోకి కారుతోందన్నమాట. మునిసిపాలిటీ వాళ్ళు రేపు చూస్తామన్నారు. "ఇదిగో ఈ గ్లాసు తాగి వెళ్ళండి, అప్పుడు రేపు చూద్దురుగాని" అన్నాను. సాయంత్రానికి గొట్టం మార్చారు.

ఆ ఐదిళ్ళ నంబర్లు వెనకవైపు రాశాను. సీసాలు పంపు.

మీ పెద్దమ్మ

తా.క. మూడో ఇంట్లో పెద్దాయన భలే మనిషి. మాకు టీ ఇచ్చి, "మా కోడలికి కూడా ఇలాంటి పిచ్చే ఉందమ్మా, మీరిద్దరూ కలిస్తే భోజనం దగ్గర కూడా మురుగు మాటలే" అన్నాడు.

---

పెద్దమ్మా,

నంబర్లు రెండుసార్లు చదివాను. మూడో ఇల్లు మాదే. ఆ కోడల్ని నేనే.

ఐదిళ్ళకీ సీసాలు వెళ్ళాయి. మామగారికి లేదు, మావారికి లేదు, పొరుగువాళ్ళకి లేదు. చివరికి ఒక్క సీసా మిగిలింది, నాది. దాని మీద నంబరు నేనే రాశాను. మూడు రోజుల తర్వాత ఆఫీసులో మా పెద్దాయన నన్ను గదిలోకి పిలిచి, తలుపేసి, మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపారు. నాకు అర్థమైపోయింది.

పెద్దమ్మా, ఆ క్రిమి నా దగ్గరుంది. చిన్నప్పుడు నాకు జ్వరం వచ్చిందని మా అమ్మ అనేది, ఏ జ్వరమో నేనెప్పుడూ అడగలేదు. ఊరందరి సీసాలూ చూశాను, నాది చూసుకోవాలని మాత్రం తట్టలేదు. ఇంట్లో వంట మామగారిది కాబట్టి మావాళ్ళు బతికిపోయారు. మీ పాప మాత్రం మంచాన పడింది.

ఈ రోజు నుంచి నాకు నాలుగు వారాల మందు. వరసగా మూడుసార్లు క్రిమి లేదని తేలేదాకా ల్యాబులో అడుగు పెట్టనివ్వరు. అది సరైనదే, నేనైనా అదే రాసేదాన్ని. పాప లేచి కూర్చుని బొమ్మలు అడుగుతోందని, ఆదివారంలోపు ఇంటికి పంపుతామని డాక్టరు చెప్పారు. అది విన్నాకే ఈ ఉత్తరం రాయగలిగాను.

ఆదివారం మీ వీధికి వస్తాను. క్రిమి ఎవరిదో వీధి మధ్యలో నిలబడి నేనే చెబుతాను. ఎవరేమన్నా నిలబడి వింటాను.

మీ
అమ్మాయి

తా.క. పాప దగ్గరికి మాత్రం రాను, కిటికీ బయటే ఉంటాను. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టమనండి. పాప గొంతు ఎంత దూరం వినిపిస్తే ఒంట్లో అంత ఓపిక వచ్చిందని లెక్క వేసుకుంటాను.